మీ ప్రశ్నలు – నా అభిప్రాయాలు: ఈ20 పెట్రోలు, అమ్మకు ఫోను, గోడమీద టీవీ

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పెట్రోలు గురించే, అందుకే దాంతోనే మొదలుపెడుతున్నా. ఏ వస్తువైనా కొనేరోజు దాని ధర, రంగు, ఫీచర్లు అందరూ అడుగుతారు. మూడేళ్ల తర్వాత దాన్ని బాగుచేసేదెవరు, ఎంతవుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. నాకు ఎక్కువ పట్టింపు ఆ రెండో ప్రశ్న మీదే, జవాబుల్లో కూడా అదే కనిపిస్తుంది.

మాది 2016 మోడల్ పెట్రోలు కారు. ఏడాదిగా మైలేజీ తగ్గింది. ఈ20 పెట్రోలు వల్లేనని మెకానిక్ అంటున్నాడు. ఇంజను పాడైపోతుందా సార్?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, జగిత్యాల

మాస్టారూ, మైలేజీ తగ్గడం మీ భ్రమ కాదు. ఈ20 అంటే చెరకు, ధాన్యాల నుంచి తీసే ఇథనాల్ అనే ఆల్కహాల్‌ను 20 శాతం కలిపిన పెట్రోలు. లీటరు పెట్రోలులో ఉండే శక్తి కన్నా లీటరు ఇథనాల్‌లో ఉండేది దాదాపు మూడోవంతు తక్కువ. అది 20 శాతం కలిశాక బండి ఆ మేరకు తక్కువ దూరమే పోతుంది. 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే, మామూలు పెట్రోలుకు తయారై ఈ10కు (10 శాతం ఇథనాల్‌కు) సర్దుబాటు చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం దాకా మైలేజీ తగ్గొచ్చని రాశారు. అంటే లీటరుకు 16 ఇచ్చే బండి 15 ఇస్తుంది. మీ బండి 12కో 11కో పడిపోయిందంటే మాత్రం నెపం పెట్రోలు మీద వేసి ఊరుకోకండి. ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు, టైర్లలో గాలి చూపించండి, బ్రేకులు పట్టేస్తున్నాయేమో కూడా చూడమనండి.

ఇంజను రాత్రికి రాత్రి పాడవదు. అసలు సంగతి రబ్బరు పైపులు, గాస్కెట్లు, సీళ్లది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లలో ఇవి ఈ20ని తట్టుకునేవే వేస్తున్నారు, అంతకుముందు బళ్లలో చాలావాటికి ఆ హామీ లేదు. ఇంకొకటి, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పిల్లల దగ్గరికి వెళ్లి మూడు నాలుగు నెలలు కారు షెడ్డులో పెట్టేసే అలవాటుంటే ఎవరికైనా తాళాలిచ్చి వారం పది రోజులకోసారి కాస్త దూరం తిప్పించండి. సర్వీసుకిచ్చిన ప్రతిసారీ ఫ్యూయల్ పైపులు చూడమని నోటిమాటగా కాకుండా, బండికి చేసే పనులు రాసే జాబ్ కార్డు మీద రాయించండి. రేపు గొడవొస్తే పనికొచ్చేది ఆ కాగితమే.

ఇక నా అభిప్రాయం అడిగితే, చమురు దిగుమతి ఖర్చు తగ్గాలి, మొక్కజొన్న, చెరకు, నూకలకు గిట్టుబాటు రావాలి అన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ పాత బండి ఉన్నవాడికి చాలా బంకుల్లో ఇంకో రకం పెట్రోలు ఎంచుకునే వీలు లేకపోవడం, శక్తి తగ్గినా లీటరు ధర తగ్గకపోవడం మాత్రం అన్యాయమే. ఈ వీలు కావాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టు కొట్టేసినంత మాత్రాన ప్రశ్న పోదు. ఇంకోపక్క ఇథనాల్ ఫ్యాక్టరీ పక్కన బతకాల్సిన ఊళ్లవాళ్ల గోడు ఉంది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో రైతులు రోడ్డెక్కి పనులు ఆపించారు. నీళ్లు, గాలి ఏమవుతాయని వాళ్లు అడిగిన దానికి సమాధానం చెప్పాకే ఏ ఫ్యాక్టరీ అయినా కట్టాలి.

మా అమ్మకు 60 ఏళ్లు. 15–20 వేలలో ఫోను కొనివ్వాలి. 108 మెగాపిక్సెల్ కెమెరా ఉన్నది తీసుకోనా?
– ప్రైవేటు ఉద్యోగి, గుంటూరు

తమ్ముడూ, అమ్మ తీసేవి మనవడి ఫొటోలు, గుడిలో ఫొటోలు. ఈ ధరలో దొరికే ఏ ఫోనైనా వాటికి సరిపోతుంది. నువ్వు అడగాల్సింది సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారని. అప్‌డేట్లు ఆగిన ఫోను చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది, కొన్నాళ్లకు ఒకరోజు బ్యాంకు యాప్ తెరవనంటుంది, ఇంకోరోజు యూపీఐ యాప్ మొండికేస్తుంది, చివరికి బ్యాటరీ బాగున్న ఫోనునే పక్కన పడెయ్యాల్సి వస్తుంది. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, మరుసటి ఏడు ఎస్24తో శాంసంగ్ ఏడేళ్లిస్తామన్నాయి. అవి ఖరీదైన ఫోన్లే గానీ ఆ తర్వాత గెలాక్సీ ఏ16 లాంటి 20 వేల లోపు ఫోనుకు కూడా శాంసంగ్ ఆరేళ్లు ఇస్తానంది. అదే కొనమని నా మాట కాదు, ఏ కంపెనీదైనా ఈ అంకె చూసి కొను. షాపువాడు చెప్పేది కాదు, కంపెనీ వెబ్‌సైటులో రాసి ఉన్నది చూడు.

రెండోది సర్వీసు సెంటరు. గుంటూరులో ఉందా, డిస్‌ప్లే పగిలితే ఎంతవుతుంది అన్నది కొనకముందే ఫోన్ చేసి కనుక్కో. మెమరీ 128 జీబీకి తగ్గొద్దు, ఎందుకంటే పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు ఆర్నెల్లలో సగం నింపేస్తాయి. ఫోను చేతికిచ్చిన రోజే ఓ గంట పక్కన కూర్చో. అక్షరాల సైజు పెంచి, తెలుగు కీబోర్డు పెట్టి, గొంతుతో టైపు చేయడం నేర్పించు. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపెయ్. తెలియని చోటునుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ అయ్యే అనుమతి ఆఫ్‌లోనే ఉందో లేదో చూడు. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) వస్తుంది, నొక్కితే ఓటీపీలన్నీ దొంగ చేతికి పోతాయి. అమ్మను తిట్టకుండా, భయపెట్టకుండా ఇది చెప్పాలి. తిడతారన్న భయంతోనే పెద్దవాళ్లు మోసపోయిన సంగతి దాచేస్తారు.

బస్సులో ఫోను పోయింది. పోలీసులకు చెప్పినా దొరుకుతుందా?
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

దొరికే అవకాశం ఉంది చెల్లీ, ఆలస్యం చేయకు. ఫిర్యాదు ఇచ్చి ఆ రసీదుతో కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు నంబరు, బ్లాక్ చేయించు. ఆ తర్వాత అందులో ఎవరు సిమ్ వేసినా జాడ తెలుస్తుంది. ఐఎంఈఐ నంబరు ఫోను కొన్న డబ్బా మీదా, బిల్లు మీదా ఉంటుంది. మిగతావాళ్లు ఇప్పుడే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఆ నంబరు ఓ పుస్తకంలో రాసి పెట్టుకోండి.

10 లక్షల్లో కారు చూస్తున్నాం. ఒకదానికి సన్‌రూఫ్ ఉంది, ఇంకోదానికి 5 స్టార్ రేటింగ్ ఉంది. పిల్లలు సన్‌రూఫ్ కావాలంటున్నారు.
– బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

స్టార్లున్నదే తీసుకోండి. రాజమండ్రి మే నెల ఎండలో ఆ అద్దం తెరిచేదీ లేదు, దాని గుండా వచ్చే వేడికి ఏసీ ఇంకాస్త గట్టిగా తిరగడం తప్ప. పిల్లలు అందులోంచి తలలు బయటపెట్టి నిలబడటం చూసినప్పుడల్లా నా గుండె జారిపోతుంది, సడన్ బ్రేకు పడితే ఆ పసిమెడ ఏమవుతుందో ఆలోచించండి.

2018లో టాటా నెక్సాన్, కార్లను గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు తెచ్చుకున్న మొదటి ఇండియన్ కారయ్యింది, అప్పట్నుంచీ మనవాళ్లు కూడా స్టార్లు అడగడం మొదలెట్టారు. 2023 అక్టోబరు నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ ఉంది. అందులో పెద్దల భద్రతకు 32, పిల్లల భద్రతకు 49 మార్కులు. షోరూములో స్టార్లు మాత్రమే చూపిస్తారు, మీరు ఆ రెండు అంకెలూ అడగండి, మీరు కొనే వేరియంటుకు కూడా ఆ రేటింగ్ వర్తిస్తుందా అని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, పైన వేసే సెస్సు కూడా పోయింది. అలా మిగిలిన డబ్బును ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (బండి జారకుండా అదుపులో ఉంచే ఏర్పాటు), వెనక మధ్య సీటుకు కూడా మూడు పాయింట్ల బెల్టు ఉన్న వేరియంటు మీద పెట్టండి, అలాయ్ వీల్స్ తర్వాత చూసుకోవచ్చు.

ఇక కొన్నాక మనమే పాడుచేసుకునే సంగతులున్నాయి. సీటు పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగు ఉన్న కారుకు బయట కుట్టించిన మందపాటి సీటు కవరు తొడిగితే, సమయానికి ఆ బ్యాగు సరిగ్గా విచ్చుకోదు. సీటు అంచున ఎయిర్‌బ్యాగు అని చిన్న ట్యాగు కుట్టి ఉంటుంది, కవరు వేసేవాడికి అది చూపించి చెప్పండి. ముందు బంపరుకు వేసే ఇనుప గార్డును కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది, ఇప్పటికీ వేయించుకుంటున్నారు. బీప్ మోగకుండా బెల్టు క్లిప్పులో ఉత్త బిళ్ల గుచ్చేవాళ్లను చూస్తే నిజంగా కోపమొస్తుంది. వెనక సీటు బెల్టు సంగతి, పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా కారు ప్రమాదంలో చనిపోయిన 2022 సెప్టెంబరులో ఓ నెల మాట్లాడుకుని మర్చిపోయాం. మీ ఇంట్లో మర్చిపోకండి. వెనక కూర్చున్న అమ్మమ్మ కూడా బెల్టు పెట్టుకున్నాకే బండి స్టార్ట్ చేయండి.

మా హాలు 10కి 12 అడుగులు. మావారు 65 అంగుళాల 4కే టీవీ కొందామంటున్నారు. చూసేదంతా కేబులే. అంత అవసరమా?
– గృహిణి, తెనాలి

అవసరం లేదమ్మా. కేబుల్లో మీకు 4కే వచ్చేదేమీ ఉండదు. మీ ప్యాకేజీలో హెచ్‌డీ ఛానళ్లుంటే అవి, లేకపోతే మామూలు ఎస్‌డీ. ఎస్‌డీ బొమ్మను 65 అంగుళాలకు సాగదీస్తే మొహాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, కొత్త టీవీ కన్నా పాతదే నయమనిపిస్తుంది. గోడ నుంచి సోఫా దాకా టేపు పెట్టి కొలవండి. ఆరేడు అడుగులుంటే 43 చాలు, ఎనిమిది ఉంటే 55 దాకా పోవచ్చు. ఓటీటీలో సినిమాలు బాగా చూసే ఇల్లయితే లెక్క వేరు.

మనవాళ్లు టీవీని సజ్జ కింద ఎత్తున కొట్టిస్తారు, మూడు గంటల సినిమా అయ్యేసరికి మెడ పట్టేస్తుంది. కూర్చున్నప్పుడు మీ కళ్లు తెర మధ్యకు ఎదురుగా ఉండాలి, ఫిట్టింగుకు వచ్చిన కుర్రాడు ఎంత తొందరపెట్టినా ఆ కొలత మీరు పెన్సిలుతో గోడ మీద గీసి చూపించండి. సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని మరీ నున్నగా చూపించేది) ఆన్‌లో ఉంటే సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది, తీసేయించండి.

మీవారికి చెప్పాల్సిన అసలు మాట ఇంకోటుంది. టీవీలో పానెల్ పోతే దాదాపు కొత్త టీవీ ఖరీదవుతుంది. కాబట్టి అంగుళాలు తగ్గించి, పానెల్‌కు ఎక్కువ ఏళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. కరెంటు హెచ్చుతగ్గులుంటే స్టెబిలైజరు పెట్టండి, ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు కూడా పీకండి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద కూడా జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, బిల్లులో అది సరిగ్గా వేశారో లేదో చూసుకోండి.

గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నా. రోజూ రాత్రి న్యూస్ ఛానళ్లలో డిబేట్లు చూస్తే కరెంట్ అఫైర్స్‌కి ఉపయోగమా అన్నా?
– నిరుద్యోగి, అనంతపురం

ఉపయోగం లేదు, నష్టం కూడా. గంట చర్చలో నలుగురు ఒకేసారి అరుస్తారు, ఏ ఛానలు ఏ పార్టీ వైపో ముందే తెలుసు గనక ఎవరు ఏమంటారో కూడా తెలుసు. ఆ గంటలో నీకు ఒక అంకె గానీ, ఒక సెక్షను గానీ దొరకదు, టెన్షన్ మాత్రం దొరుకుతుంది. ఆ టైములో ఒక దినపత్రిక ఎడిటోరియల్ పేజీ, ఆ రోజు పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం) ప్రకటనలు చదువు. పార్లమెంటులో బిల్లు వస్తే, బిల్లుల మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ వెబ్‌సైటులో దాని సారాంశం రెండు పేజీల్లో ఉంటుంది. 2025 ఆగస్టులో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది కదా, దాన్ని ఇలా చదివి చూడు, ఆట ఆడేవాడికి కాకుండా నడిపేవాడికీ, ప్రకటనలు వేసేవాడికీ శిక్ష ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. బెట్టింగులో అప్పులపాలై కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, ఈ చట్టం అమలు ఎలా జరుగుతుందో మనం వదలకుండా చూడాలి.

మన టీవీల మీద నాకున్న పెద్ద బాధ అరుపులు కూడా కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. మొలలోతు నీళ్లలో నిలబడి రిపోర్టర్లు చెప్పారు, పాలప్యాకెట్లు అందక ఏడుస్తున్న తల్లుల్ని చూపించారు, అది అవసరమైన పనే, మంచి పనే. కానీ నీళ్లు తీశాక కెమెరా పోయింది. గండ్లు పూడ్చింది ఎంత గట్టిగా, కాలవ ఎంత వెడల్పు చేశారు, ఆక్రమణలు ఎన్ని తీశారు, ఫ్రిజ్జూ మంచమూ కొట్టుకుపోయిన ఇంటికి పరిహారం ముట్టిందా అని ప్రతి వానాకాలం ముందూ ఒక గంట కార్యక్రమం వెయ్యొచ్చు కదా. అదే మనుషుల్ని మళ్లీ వెళ్లి పలకరించడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. అలాంటిది వేసే ఛానలు ఏదైనా సరే, నేను రోజూ చూస్తాను.

సీబీఐ నుంచి అని వీడియో కాల్ వచ్చింది. డిజిటల్ అరెస్టు చేశామన్నారు. చాలా భయమేసింది.
– రిటైర్డ్ ఉద్యోగి, వరంగల్

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేనే లేదండీ. ఏ పోలీసూ, సీబీఐ, ఈడీ కూడా వీడియో కాల్‌లో కూర్చోబెట్టి విచారించి డబ్బు బదిలీ చేయమనరు. అలాంటి కాల్ వస్తే కట్ చేసి ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఒకవేళ డబ్బు పంపేసి ఉంటే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారి చేతులు దాటకముందు ఆపగలిగే సమయం చాలా తక్కువ. ఎవరికీ చెప్పొద్దని వాళ్లన్నారంటే అదే గుర్తు, అప్పుడే పదిమందికి చెప్పాలి.

విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోందట. మా పిల్లలకు ఉద్యోగాలొస్తాయా? మీరేమంటారు?
– చిరువ్యాపారి, అనకాపల్లి

రావడం మంచిదే అంటాను. 2025 అక్టోబరు 14న ప్రకటించారు, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి, సముద్రం అడుగునుంచి వచ్చే కేబుళ్లకు విశాఖ ఒడ్డు చేరుకునే చోటు కాబోతోంది. మద్రాసు, ముంబయిల మీద ఆధారపడ్డ దేశానికి తూర్పు తీరంలో ఇంకో ద్వారం ఉండటం నిజంగా పెద్ద విషయం. కట్టేటప్పుడు పని చాలామందికి దొరుకుతుంది. కట్టాక మాత్రం డేటా సెంటర్ అనేది ఫ్యాక్టరీలాగా వేలమందితో నడిచేది కాదు, వరసలుగా సర్వర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు, కరెంటు చూసుకునే టెక్నీషియన్లు, కాపలా, అంతే. దాన్ని చూసి చుట్టూ వచ్చే సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రికల్ కంపెనీల్లో ఉద్యోగాలు రావాలి, అవి వాటంతటవే రావు. అనకాపల్లి, విశాఖ ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో శీతలీకరణ, హై ఓల్టేజీ పనుల కోర్సులు ఇప్పుడే పెట్టారా అని మీ ఎమ్మెల్యేను అడగండి. మీ పిల్లల ఉద్యోగాల సంగతి తేలేది అక్కడ.

కరెంటు, నీళ్ల లెక్క కూడా అడగాలి. ఒక గిగావాట్ (పది లక్షల కిలోవాట్లు) సామర్థ్యం పూర్తిగా వాడితే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. ఆ కరెంటు ఎక్కడిది, లైన్ల ఖర్చు ఎవరి బిల్లులో పడుతుంది? విశాఖకు తాగునీళ్లు మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు కాలవల నుంచి రావాలి, ఎండాకాలం వస్తే కొండవాలు పేటల్లో బిందెల వరసలు మీకు తెలిసినవే. చల్లబరచడానికి ఎన్ని నీళ్లు, అవి తాగునీళ్లా, సముద్రపు నీళ్లా, శుద్ధిచేసిన మురుగునీళ్లా అన్నది ఒప్పంద పత్రంలోనే ఉండాలి, ఆ పత్రం జనం ముందు ఉండాలి. ఇలా అడిగినవాణ్ణి అభివృద్ధికి అడ్డం అంటున్నారు. ఇల్లు కట్టుకునేవాడు బోరు పడుతుందా అని అడగడా?

హైదరాబాద్‌లో అపార్టుమెంటులో ఉంటాం. ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా? ఆఫీసుకు రోజూ రానూపోనూ 50 కిలోమీటర్లు.
– ఐటీ ఉద్యోగిని, మియాపూర్

మీ వాడకానికి ఎలక్ట్రిక్ చక్కగా సరిపోతుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు పెట్రోలు బండి తాగినట్టు ఇది తాగదు, ఆగుతూ కదులుతూ పోయే మియాపూర్ రోడ్డులో ఆ తేడా బాగా తెలుస్తుంది. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా రిజిస్టరైన ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చారు, అది చిన్న మొత్తం కాదు.

అయితే ఇదంతా మీ పార్కింగ్ స్థలంలో ప్లగ్గు ఉంటేనే. 15 ఆంపియర్ల సాకెట్ ఒకటి, మీ ఫ్లాట్ మీటరు నుంచే సరైన మందం వైరు, ఎర్తింగ్, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు) ఉంటే 30 యూనిట్ల బ్యాటరీ దాదాపు పది గంటల్లో నిండుతుంది, రాత్రి పెడితే పొద్దున్నకు రెడీ. అసోసియేషన్ వాళ్లు సెల్లారులో అగ్నిప్రమాదమని భయపడితే కొట్టిపారేయకండి, వాళ్లది అర్థంలేని భయం కాదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో లోడు చూపించి, కాగితం తెచ్చి మాట్లాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి మాత్రం చార్జింగ్ పెట్టకండి, నిజంగా ప్రమాదం అక్కడుంది.

బ్యాటరీకి మామూలుగా ఎనిమిదేళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు, మీరు బండి అమ్మేస్తే ఆ వారంటీ రెండో ఓనరుకు వస్తుందా అన్నవి బుక్‌లెట్లో చదవండి, సేల్స్ కుర్రాడి మాట లెక్కలోకి తీసుకోకండి. నీళ్లు నిలిచే సెల్లారు అయితే సాకెట్ నడుమెత్తుకు పైనే పెట్టించండి. అసోసియేషన్ అనుమతి ఉత్తరం చేతికి వచ్చేదాకా షోరూములో అడ్వాన్సు కట్టొద్దు.